పీపా మీద పేరు

కిందటి వారం మనం రాయపూర్ గుఢియారీలో, రైలు కట్ట పక్కనున్న మల్లేశ్వరరావు గారింట్లో, కూలర్ గదిలో ఆగాం. బల్ల మీద ఎర్ర పెయింటు వేసిన ఓక్ పీపా. దాని ముందు కొయ్యసుత్తి ఎత్తి పట్టుకున్న మల్లేశ్వరరావు. సుత్తి బిరడా మీద పడబోయే క్షణంలో ప్రకాశం గారు చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నారు. అప్పట్నించీ ఆ సుత్తి గాల్లోనే ఉంది. అరవై దాటిన మనిషి, భుజం పట్టేస్తుంది. త్వరగా దించేద్దాం.

దించే ముందు, దారిలో మనతో కలిసినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. మల్లేశ్వరరావు వ్యాగన్ రిపేరు షాపులో వడ్రంగి మిస్త్రీగా పనిచేసి రిటైరయ్యారు. తండ్రి శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వస్తే, ఈయన ఇక్కడే పుట్టి ఇక్కడే తల నెరిపించుకున్నారు. చేతులు ఖాళీగా ఉంటే అన్నం అరగని మనిషి. రిటైరైన కొత్తలో ఫోన్లో, ఎక్కడో చలిదేశంలో ఒక ముసలాయన పెరటి కొట్టంలో బార్లీ మొలకెత్తించి, దాంతో విస్కీ కాచి, ఓక్ పీపాలో పోసి ఏళ్ల తరబడి ఓపిక పట్టడం చూశారు. విస్కీ సంగతి తర్వాత, ముందాయనకి నచ్చింది ఆ పీపా. మేకు లేదు, జిగురు లేదు, ఇనప పట్టీల బిగువుకి ఉత్త పలకలే ఒకదాన్నొకటి ఒత్తుకుని బొట్టు కారకుండా నిలబడ్డాయి. వడ్రంగికి అంతకంటే ఏం కావాలి? భన్‌పురిలో ఒక కార్ఖానాకి విదేశీ యంత్రం దిగితే, దాని కింద వేసుకొచ్చిన దుంగలు ఓకేనని వాసన చూసి పోల్చుకున్నారు. తెచ్చి, కోసి, నిప్పు సెగకి వంచి పీపా కట్టారు.

ఇలాంటివి ఇంట్లో కాయడం చట్టానికి ఒప్పుదల కాదని ఆయనకి తెలుసు, భార్య సూరమ్మకీ తెలుసు. అమ్మేది లేదు, పంచేది లేదు, ఏదో సరదా అని ఆయన తనకు తానే సర్ది చెప్పుకున్నారు. ఆబ్కారీ వాళ్లకి కూడా ఆ మాట సరిపోతుందో లేదో ఎప్పుడూ అడిగి చూడలేదు. మొలకలు వేయించిన వాసన వీధిలోకి వెళ్తే, సూరమ్మ మనవలకి చోడిమాల్టు, అదే రాగిమాల్టు, చేస్తోందని చుట్టుపక్కల వాళ్లు అనుకున్నారు. ఆవిడా కాదనలేదు.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట, పీపా నింపిన వేసవిలోనే మల్లేశ్వరరావు అన్నగారికి గుండె ఆపరేషనైంది. తోడుండడానికి ఈయన విశాఖపట్నం వెళ్లి, ఎండలు పోయేదాకా అక్కడే ఉండిపోయారు. ఇక్కడ పీపా కారిపోయింది. తప్పు ఆయన చేతిదే. వ్యాగన్ నేలకి పలకలు వేసేటప్పుడు మధ్యన వెంట్రుకంత సందు వదలడం షాపు అలవాటు. వానకి చెక్క ఉబ్బి ఆ సందు తనే మూసుకుంటుంది. సర్వీసంతా అదే చేసిన చెయ్యి పీపాకీ అలాగే సందు వదిలింది. కాని విస్కీకి చెక్క ఉబ్బలేదు, రాయపూర్ వడగాలికి ఉన్నది కూడా ఎండి ముడుచుకుంది. ఒక పొద్దున సూరమ్మ చూసేసరికి కింద వేసిన గోనెపట్టా తడిసి ముద్దయింది, పీపా డొల్లగా మోగింది. ఫోన్లో ఆయన అన్నగారి కబురు చెప్పడం కంటే ముందు పీపా ఎలా ఉందని అడిగేవారు. బాగుందని ఈవిడ చెప్పేది. చెప్పిన మాట అబద్ధం కాకుండా ఉండడానికి ఆవిడ ఏం చేసిందో కిందటి భాగాల్లో మీరు చూశారు. చూడనివాళ్లకి ఒక్కముక్క: బల్ల మీదున్న పీపాలో ఉన్నది మల్లేశ్వరరావు పోసిన సరుకు కాదు. సూరమ్మ చేసింది.

ఆ సంగతి ఆ గదిలో ఆవిడకొక్కర్తెకే తెలుసు. ఇవాళ సరుకు బాగుందంటే పేరు ఆయనది. బాగోలేదంటే ఆ తప్పు తనది, అదీ బయటికి చెప్పుకోలేని తప్పు. ఈ బేరం సూరమ్మకి ఏ వైపు నుంచి చూసినా నచ్చలేదు. దొరికిపోతానేమోనన్న భయం ఒక పక్కన ఉంది. ఎవరైనా కనిపెడితే బాగుణ్ననే ఆశ ఇంకో పక్కన ఉంది. ఏది పెద్దదని అడిగితే ఆవిడ ఆ పొద్దున చెప్పలేకపోయేది.

సరే, సుత్తి దించుదాం. ప్రకాశం గారు ఆపింది ఎందుకో కాదు, ముందు బిరడా చుట్టూ ఒకసారి వాసన చూస్తానన్నారు. ఆయన కాకినాడ వైపు మనిషి. ఊరి బయట ఒక డిస్టిలరీలో బ్లెండరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఏ సరుకులో ఏది ఎంత కలపాలో ముక్కుతో చెప్పే ఉద్యోగం. అలాంటి మనిషి చుక్క తాగరు. నాలుక మీద వేసుకుంటారు, నాలుగు పక్కలా తిప్పుతారు, ఉమ్మేస్తారు. గొంతు దాటిన చుక్క లేదు, ఇంటి గడప దాటి లోపలికొచ్చిన చుక్క కూడా లేదు. ఈ రెండు మాటలూ ఆయన చర్చిలో సాక్ష్యంగా చెబుతారు, పెళ్లిళ్లలో చెబుతారు, రైల్లో ఎదురు సీటు వాళ్లకీ చెబుతారు. పీపా నింపిన రోజు కొత్త సరుకు వాసన చూసిందీ ఆయనే. ఆ ముక్కు ఏదీ మర్చిపోదు. సూరమ్మ భయమంతా ఆ ముక్కు గురించే.

నాలుగో మనిషి నాగబాబు. షాపులో పెయింటరు, మల్లేశ్వరరావుకి జోడీ, ఆయన్ని ఏడిపించడానికే పుట్టినవాడు. పీపాకి వ్యాగన్ ఎర్ర పెయింటు కొట్టింది అతనే. దాని మీద తెల్లక్షరాల్లో మల్లేశ్వరరావు పేరు రాసి, కింద వ్యాగన్లకి రాసినట్టే రిటర్న్ డేటు కూడా వేశాడు. ఆ తారీఖు రాకుండా వ్యాగన్ని షాపులోకి తీసుకోరు, పీపా మూత కూడా తియ్యకూడదని ఒట్టు వేయించాడు. హోలీ వెళ్లింది, తారీఖు వచ్చింది. లోపలి సరుకు సంగతి దేవుడికే తెలియాలి గాని పై పెయింటు మాత్రం జబర్దస్త్‌గా ఉందని పొద్దుట్నించీ అంటూనే ఉన్నాడు. మొదట కట్టిన చిన్న పీపా సంగతి కూడా ఎత్తాడు. దానికి ఒక పలకలో ముడి ఉందని మల్లేశ్వరరావు సుద్దతో ‘సిక్’ అని రాసి, పాడైన వ్యాగన్ని పక్క లైన్లో పెట్టినట్టు మూల పడేశారు. అదేమైందని నాగబాబు అడిగితే, మేరీ గారు బియ్యం పోసుకోవడానికి పట్టుకెళ్లారని మల్లేశ్వరరావు చెప్పారు. మేరీ గారంటే ప్రకాశం గారి భార్య, రైల్వే ఆస్పత్రిలో నర్సు. ఉందేమోనండి, నాకు తెలీదన్నారు ప్రకాశం గారు. ఆవిడ కొట్టుగదిలో కాకినాడ ఎండుచేపలు పెడుతుందట, ముక్కు పాడవుతుందని ఆయన ఆ గదిలోకి తొంగి కూడా చూడరట. ఆ మాట నడుస్తుండగా సూరమ్మ గ్లాసులు తేవాలని లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసులు అప్పటికే బల్ల మీద ఉన్నాయి.

ప్రకాశం గారు బిరడా చుట్టూ వాసన చూసి పక్కకి తప్పుకున్నారు. సుత్తి పడింది, బిరడా ఊడింది.

సూరమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. వాసన అక్కడిదాకా వచ్చింది. ఆవిడకి అందులో మొదట తెలిసింది పుట్టింటి పొయ్యి. వర్షాకాలం చివర చోళ్లు మొలకెత్తించి, నీడనార్చి, ఇనప మూకుట్లో అమ్మ వేయిస్తుంటే ఇల్లంతా నిండే వాసన. దాని వెనక బెల్లం పాకం లాంటిది, తడి చెక్క లాంటిది. కళ్లు చెమ్మగిల్లాయి. దుఃఖంతో కాదు. ఇంత బాగా వస్తుందని తనకే తెలీదు.

మల్లేశ్వరరావు గొట్టంతో తీసి చిన్న గ్లాసులో పోశారు. పాత ఇత్తడి రంగు. గ్లాసు వెలుతురుకెత్తి చూసి, కొడుకు పరీక్ష పాసైన తండ్రిలా నాగబాబు వైపు ఒక చూపు విసిరి, ప్రకాశం గారికిచ్చారు. ప్రకాశం గారు కళ్లు మూసుకున్నారు. ముక్కు దగ్గర పెట్టి తీశారు, మళ్లీ పెట్టారు. నాలుక మీద వేసుకున్నారు, తిప్పారు, పక్కనున్న బకెట్లో ఉమ్మేశారు. ఇందులో ఖస్, వట్టివేళ్ల వాసన ఉందన్నారు.

మల్లేశ్వరరావు నవ్వేశారు. కిందటి ఎండాకాలం అంతా ఖస్ తడకల కూలర్ గాలి ఈ పీపాకే పెట్టామని, మొగుడూపెళ్లాం డాబా మీద దోమల్లో పడుకున్నామని గర్వంగా చెప్పారు. ఆ గాలి చెక్కలోకి దిగి ఉంటుందని ప్రకాశం గారూ ఒప్పుకున్నారు. అంత చిన్న వాసన పట్టుకున్న ముక్కుకి మిగతాది ఎంతసేపని సూరమ్మ గుమ్మం గట్టిగా పట్టుకుంది.

ఆయన రెండోసారి వాసన చూశారు. ఈసారి చాలాసేపు చూశారు. గ్లాసు బల్ల మీద పెట్టేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“రావుగారూ, ఏమీ అనుకోకండి. ఆరోజు నేను వాసన చూసిన సరుకు ఇది కాదండి.”

మల్లేశ్వరరావుకి ముందు అర్థం కాలేదు. ఇన్నాళ్లు పీపాలో ఉంటే మారదా అన్నారు. మారుతుందన్నారు ప్రకాశం గారు. కాని ఆరోజు దాన్లో బొగ్గు పొగ ఉంది, మాడిన గింజ ఘాటు ఉంది. చెక్క ఎంత మెత్తబరిచినా ఆ పొగ అడుగున ఎక్కడో మిగిలి ఉండాలి. ఇందులో అసలు పొగే లేదు. బార్లీ వేయించిన చెయ్యే వేరు.

“బాగుందండి. చాలా బాగుంది. అందుకే అడుగుతున్నాను,” అన్నారు.

నాగబాబు తొడ చరిచి లేచాడు. ఇన్నాళ్లకి జోడీదారు దొరికిపోయాడన్న సంబరం తప్ప అతని మనసులో వేరే విషం లేదు. కాని నోరు అదుపులో ఉండే మనిషి కాడు.

“చల్, తెలిసిపోనాది. దుకాణంలో మంచి సీసాలు కొని పోసీసినావు. మా మిస్త్రీ కూడా ఇలాటి పని చేస్తాడనుకోలేదు.”

మల్లేశ్వరరావు మొహంలో రంగు పోవడం సూరమ్మ చూసింది. ఆ మనిషిని ఎవరైనా ఏమైనా అనొచ్చు. కోపిష్టి అనొచ్చు, మొండి అనొచ్చు, పిసినారి అన్నా నవ్వేస్తారు. పనిలో మోసం చేశావంటే మాత్రం ఆ మనిషి నిలబడలేరు. ఒకసారి షాపులో పుచ్చిన పలక వేశావని ఎవరో ఆఫీసరు సాహెబు అన్నందుకు, సొంత చేతుల్తో వ్యాగన్ నేలంతా ఊడబీకి చూపించి వచ్చిన మనిషి. ఆ రోజు అన్నం కూడా తినలేదు.

“నాగబాబూ, ఇన్నేళ్లు నా పక్కనే పనిచేసినావు. ఒక్క పలక దొంగచాటుగా మార్చినానేట్రా?” గుమ్మం వైపు తిరిగారు. “నువ్వే చెప్పు సూరమ్మా. ఇందులో బయట సరుకు చుక్కయినా పడిందేటి?”

పడలేదు. ఆ ఒక్క మాటా అనేసి ఊరుకుంటే సరిపోతుంది. అది నిజమే. ఆయన పరువు నిలబడుతుంది, నాగబాబు నోరు మూతపడుతుంది, ప్రకాశం గారు ముక్కు మీద అనుమానంతో ఇంటికెళ్తారు. ఆయన ఊళ్లో లేని ఆ ఎండాకాలం అంతా పొయ్యి ముందు తను కరిగించిన ఒళ్లు, చిట్లిన వేళ్లు, ఎవరికీ చెప్పకుండా పడ్డ సంతోషం, అన్నీ ఆ తెల్లక్షరాల కింద కప్పబడిపోతాయి. సూరమ్మ లోపలికొచ్చి బల్ల పక్కన నిలబడింది.

“బయట సరుకు పడలేదు. ఇంట్లోదే. అన్నయ్యగారి ముక్కూ అబద్ధం చెప్పలేదు.” ఊపిరి తీసుకుంది. “మీరు పోసింది కారిపోనాదండీ. ఇది నేను చేసినాను.”

కట్ట మీద గూడ్సు వచ్చింది. ఈ ఇంట్లో గూడ్సు పోతున్నంతసేపు ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా వినపడదు. నలుగురూ అలాగే నిలబడ్డారు. ఎప్పుడు గూడ్సు పోయినా పెట్టెల చప్పుడు బట్టి ఏ రకం వ్యాగన్లో చెప్పే మల్లేశ్వరరావు ఈసారి చప్పుడు వైపు చెవి పెట్టలేదు. పీపా మూతి లోపల సరుకు సన్నగా అలలు కట్టింది.

బండి పోయాక సూరమ్మే చెప్పింది. తడిసిన గోనెపట్టా దగ్గర్నించీ మొదలుపెట్టి వరసగా చెప్పింది. తిల్దా ఊరి వ్యాపారి దగ్గర కొన్న బార్లీ బస్తా ఇంకా ఉందని, ఆయన కాచిన సామాను పెరట్లోనే ఉందని, ఆయన చేస్తుంటే అన్నిసార్లూ పక్కన కూర్చుని చూసిందే కదా అని. బార్లీ మాత్రం ఆయనలా బొగ్గు సెగ మీద ఆరబెట్టలేదు. అమ్మ చోళ్లకి చేసినట్టు నీడనార్చి, మూకుట్లో సన్న మంట మీద వేయించింది. మొదటిసారి పాడైంది, పారబోసింది. రెండోసారి కుదిరింది. ఇవన్నీ చెబుతుంటే గొంతులో మొదటున్న బెరుకు పోయింది. పీపా సంగతికొచ్చేసరికి చేతులు తిప్పుతూ చెబుతోంది.

ఒక్కదానివే చేశావా చెల్లెమ్మా అని ప్రకాశం గారు ఆశ్చర్యంగా అడిగారు. సూరమ్మ ఆయన వంక చూసి, చూపు దించుకుని, మొగుడి వైపు తిరిగి మళ్లీ పీపా గురించే చెప్పింది.

మల్లేశ్వరరావు వింటున్నారో లేదో తెలీడం లేదు. ఆయన వంగి పీపా పక్కల మీద బొటనవేలు నడిపిస్తున్నారు. ఇన్నాళ్లూ గోనె చుట్టి ఉంచిన పీపా, ఇవాళే వెలుతుర్లోకొచ్చింది. ఇనప పట్టీ పైనున్న ఎరుపు చూసి నాగబాబు కూడా మొహం దగ్గర పెట్టి, ఇది నా బ్రష్షు కాదన్నాడు. పట్టీ కిందికి దిగితే బయటపడ్డ చెక్కని సూరమ్మ మిగిలిన పెయింటుతో కప్పింది. వడ్రంగి వేలు రెండు పలకల మధ్యన ఆగింది. గోటితో గీకితే సన్నటి ఎండుపోగు పైకొచ్చింది.

“ఇదేటి? తుంగా?”

“మన పాత తుంగచాప. చివర్లు పీకి సందుల్లో కూరినాను. ముందు వేడినీళ్లు పోసి చెక్కని ఉబ్బనిచ్చినాను, అప్పుడు పట్టీలు కిందికి కొట్టినాను. మా మేనమామ పడవకి ఇలాగే కూరేవాడు.”

మల్లేశ్వరరావు ఆ పోగుని వేళ్ల మధ్య నలుపుతూ ఉండిపోయారు. తను వదిలిన సందు అది. కళ్లతో చూడకుండానే ఆయనకి తెలిసిపోయింది, ఎందుకు కారిందో, తప్పెవరిదో. షాపులో కుర్రాళ్లు ఇలాంటి పని చేస్తే ఆయన తిట్టే తిట్లు ఊరంతా వినిపించేవి.

“ఎవరింటికెళ్లినా నా పీపా అని చెప్పుకున్నాను. నా చేత అబద్ధం ఆడించినావు సూరమ్మా.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఆవిడ తల దించలేదు.

“ఆరోజు మీరు అన్నగారి దినాలు చేసి, గుండుతో వొచ్చినారు. సంచీ కూడా దించకుండా దీని దగ్గిరికెళ్లి, చెయ్యేసి, ఇదొక్కటైనా నిలబడింది అన్నారు. అప్పుడు ఏమని చెప్పమంటారు?” కాస్త ఆగింది. “దాచినాను. దానికి మీరేమన్నా పడతాను. కానీ బాగుందన్నారు చూడండి అన్నయ్యగారు, ఆ బాగు నాది. అది మాత్రం ఎవరికీ ఇవ్వను. మీకు కూడా.”

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ‘నాది’ అని గట్టిగా అనడం మల్లేశ్వరరావు విన్నది తక్కువ. పట్టుచీరని కూడా మనదే అంటుంది. ఆయన పెరట్లోకి వెళ్లిపోయారు. పనిముట్ల పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి చేతిలో ఉలి ఉంది.

కోపం వస్తే ఆ మనిషి తను చేసిన వస్తువునైనా రెండు ముక్కలు చేసి గాని వదలరు. నాగబాబు అడ్డం వెళ్లబోయి, ఉలి చూసి మర్యాదగా వెనక్కి తగ్గాడు. మల్లేశ్వరరావు పీపా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఎడంచేత్తో కళ్లజోడు సర్దుకున్నారు. ఉలి మొనని తన పేరు మొదటక్షరం మీద ఆనించి, చెక్క గీరుకోకుండా, తెల్ల పెయింటు ఒక్కటే లేచేలా నెమ్మదిగా గీకడం మొదలుపెట్టారు.

పేరంతా పోయింది. రాలిన తెల్లపొడిని ఊదేసి, చేత్తో తుడిచి, అప్పుడు తలెత్తారు.

“నాగబాబూ, వ్యాగన్‌కి రెండు పేర్లుంటాయి కదరా. కట్టినోడి పేరు ప్లేటు మీద ఉంటాది, చెరిగిపోదు. రిపేరు చేసినోడి పేరు కింద చిన్నక్షరాల్లో ఉంటాది. నేను కట్టింది కారిపోనాది. ఈవిడ కట్టింది నిలబడ్డాది. పైన పెద్దక్షరాల్లో సూరమ్మ అని రాయి. నా పేరు ఎక్కడ రాయాలో ఆవిణ్ని అడుగు.”

నాగబాబు స్కూటర్ డిక్కీలో పెయింటు డబ్బా, బ్రష్షూ ఎప్పుడూ ఉంటాయి. పెళ్లికెళ్లినా ఉంటాయి. పరుగున వెళ్లి తెచ్చాడు. షాపు స్టెన్సిళ్లలో తెలుగు లేదు, చేత్తోనే రాస్తానన్నాడు. బ్రష్షు ముంచి, రాయబోయి ఆగాడు. వదినా, నోరు జారినాను, మాఫ్ చెయ్యండన్నాడు. మాఫీ సంగతి తర్వాత, ముందు అక్షరాలు వంకర పోకుండా చూడండని సూరమ్మ అంది. రాయించుకుంటున్న మనిషిలా కాదు, రాయిస్తున్న మనిషిలా పక్కనే నిలబడి చూసింది. మల్లేశ్వరరావు పేరు కూడా పక్కనే, అంత అక్షరాల్లోనే రాయమంది. కిందెందుకు, చెక్క ఆయన కోసిందే కదా అంది. ఆ మాటకి మల్లేశ్వరరావు కిటికీ వైపు తిరిగి, చాలాసేపు దగ్గారు.

తర్వాత గ్లాసులో పోసి ముందు ఆవిడకిచ్చారు. సూరమ్మ ఎప్పుడూ ముట్టలేదు. వేలి కొసతో నాలుక్కి రాసుకుంది. మండింది. మంట తగ్గాక అమ్మ మూకుడు వాసన నోట్లో మిగిలింది. గర్వంగా ఉంది. అంతకంటే వేరే మాట ఆవిడ దగ్గర లేదు, అక్కర్లేదు కూడా. అక్షరాలింకా తడిగా ఉన్నాయి, ముట్టుకోవాలనిపించి ముట్టుకోకుండా ఆగింది.

మల్లేశ్వరరావు ఒక గుక్క తాగారు. కళ్లు మూసుకుని తెరిచి, భార్య వంక కొత్తమనిషిని చూసినట్టు చూశారు. ప్రకాశం గారు మరొక్కసారి రుచి చూస్తానని గ్లాసు తీసుకుని, నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని తిప్పుతున్నారు. నాగబాబు సందు దొరికిందని రెండోసారి పోసుకున్నాడు. ఇంత సరుకూ ఒక్క పీపాతోనే సరి అని మల్లేశ్వరరావుకి అప్పుడే దిగులు పట్టుకుంది.

“ఏటి లాభం. ఇంకోటి ఉంటే ఇంకా ఏళ్లు ఉంచి చూద్దుం.”

సూరమ్మ కాసేపు పీపా వంక చూసింది. ఇవాళ నిజం చెప్పడం మొదలుపెట్టింది. మొదలుపెట్టిన పని సగంలో వదిలే అలవాటు ఆవిడకి లేదు.

“ఉంది,” అంది. “మీరు సిక్ అని పక్కనపెట్టింది. ముడి దగ్గర కూడా తుంగ కూరితే బరాబర్‌గా నిలబడింది. రెండూ ఒక్కసారే నింపినాను.”

“ఎక్కడుంది?”

సూరమ్మ మొగుడి వైపు చూడలేదు. కళ్లు మూసుకుని నోట్లో సరుకు తిప్పుతున్న ప్రకాశం గారి వైపు చూసింది.

“మేరీ వదినగారి కొట్టుగదిలో. ఎండుచేపల డబ్బాల వెనకాల. పొయ్యి దగ్గర నాకు తోడు కూర్చున్నది కూడా ఆవిడే.”

ప్రకాశం గారు కళ్లు తెరిచారు. ఉమ్మడానికి బకెట్ వైపు వంగబోతున్నవారు అలాగే ఆగిపోయారు. ఆయన గొంతు ఒకసారి కిందికి దిగి పైకి రావడం గదిలో ముగ్గురూ చూశారు. గుటక పడిపోయింది.